కుక్కతో కొండకా.. గొలుసు వదలొద్దు!

సండూరు: చుట్టూ కోటగోడల్లా కొండలు.. నడుమ పళ్లెంలాంటి లోయ.. వానలు తగ్గే వేళ శిఖరాల మీద వాలే మంచు.. బళ్లారి అనగానే గనులు, ఎర్రదుమ్ము, లారీల బారులే గుర్తొచ్చేవారికి సండూరు వేరే లోకం. 1934లో ఇక్కడికి వచ్చిన గాంధీజీ, సండూరును సెప్టెంబరులో చూడాలన్నారని ఈ ఊళ్లో నేటికీ చెప్పుకొంటారు. ఆదివారం పూట కారెక్కి ఇటు బయల్దేరే కుటుంబంలో ఇప్పుడు పెంపుడు కుక్కా ఒక సభ్యుడే. ఇంటి వరండా తప్ప ఎరగని ఆ మూగజీవికి అడవి బాట పండగే. కాకపోతే ఆ పండగ ఎవరి ప్రాణం మీదికీ రాకుండా చూసుకోవాలి.

ఓబులేసు గండి
నారిహళ్ల ఈ కొండలను రెండుచోట్ల చీల్చుకుని పారుతుంది. కన్నడంలో హళ్ల అంటే మన వంకే. ఒకచోటు ఓబళగండి, రెండోది భీమగండి. గండికోట తెలిసిన మనవాళ్లకు ఈ పేర్లు విడమర్చి చెప్పక్కర్లేదు. ఓబళుడంటే మన ఓబులేసే. గండి నరసింహస్వామి గుడి ఉన్నదీ ఇక్కడే. ఇటువైపు నడకంటే పెద్ద సాహసమేమీ కాదు. పొద్దున వెళ్తే ఎండ ముదిరేలోపు తిరిగి రావచ్చు. ఎర్రమట్టి బాట, అటూ ఇటూ సీతాఫలం పొదలు, తంగేడు, మోకాలెత్తు బోదగడ్డి. మనిషి ఆకాశం, కొండ చూస్తూ నడుస్తాడు. కుక్క మాత్రం ముక్కుతో నడుస్తుంది. రాత్రి ఏ జంతువు ఏ దారిన పోయిందో దానికి అంగుళం అంగుళం తెలిసిపోతుంది. చిక్కంతా అక్కడే!

వెంటబెట్టుకొస్తుంది..
సండూరు కొండలు ఎలుగ్గొడ్ల ఇలాకా. దగ్గర్లోనే 1994లో ఏర్పాటైన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. అభయారణ్యానికి హద్దులున్నాయి గానీ, ఎలుగులకు ఆ హద్దులు తెలియవు కదా. పగలు బండల సందుల్లో, గుహల్లో పడుకుంటాయి. పొద్దువాలాక బయల్దేరి తెల్లారేదాకా చెదలు, చీమలు, పండ్ల కోసం తిరుగుతాయి. చూపు అంతంతమాత్రం. మనిషి వచ్చిన సంగతి దగ్గరకొచ్చేదాకా పసిగట్టకపోవడమూ ఉంది. ఉలిక్కిపడితే పారిపోవడానికి బదులు మీద పడుతుంది.

ఇలాంటి చోట కుక్కను వదిలేశామనుకోండి.. వాసన పట్టి పొదలోకి దూరుతుంది. మొరుగుతుంది. ఎలుగు తిరగబడితే తోక ముడిచి పరుగెత్తుకొచ్చేది యజమాని దగ్గరికే. దాని వెనకే ఎలుగు! కాపలాకని తెచ్చుకున్న కుక్కే ఆపదను తెచ్చి కాళ్ల దగ్గర పెడుతుందన్నమాట. బాట పక్కన పుట్టలు కొత్తగా తవ్వి ఉంటే, పళ్ల గింజలున్న పెంట కనిపిస్తే అక్కడితో వెనక్కి మళ్లడమే మంచిది. పండ్ల కాలంలో మరీ జాగ్రత్త.

చిరుత సంగతి వేరు. దానికి కుక్క శత్రువు కాదు.. ఆహారం. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ జిల్లా (ఇప్పటి అహిల్యానగర్) అకోలె ప్రాంతంలో చిరుతల పెంటను పరిశీలించిన పరిశోధకులు, అవి తిన్నదాంట్లో బరువు లెక్కన 39 శాతం కుక్కలేనని తేల్చారు. సంధ్యవేళ కుక్కతో అడవి అంచున నడవడమంటే చిరుతను పేరుపెట్టి పిలిచినట్టే.

మైలారయ్య కుక్కలు
కుక్కతో కొండలెక్కడం ఈ సీమకు కొత్తేం కాదు. కురుబ గొర్రెల కాపరులకు తరతరాలుగా అదే బతుకు. వారి ఇలవేల్పు మైలారలింగడికి, మన మల్లన్నకు కుక్కే తోడు. ఆయన సేవకులైన గొరవయ్యలు నెత్తిన ఎలుగుబంటి తోలు టోపీ పెట్టుకుంటారు. కుక్కల్లా మొరుగుతూ దోణెలో ప్రసాదం తినే మొక్కూ ఉంది. కుక్క, ఎలుగు రెండూ ఒకే దేవుడి కొలువులో ఉన్నాయి! అయితే కాపరి కుక్క మంద వదలదు, పిలిస్తే ఆగుతుంది. బిస్కెట్ తిని సోఫాలో పెరిగిన కుక్కకు ఆ పాఠం ఎవరు చెప్పారు?

అందుకే ఆరడుగులకు మించని గొలుసు చేతిలోనే ఉండాలి. దరోజి అభయారణ్యంలోకి కుక్కతో వెళ్లాలన్న ఆలోచనే వద్దు. మిగతా అడవి బాటల్లోనూ అటవీ సిబ్బందిని అడిగి, అనుమతి ఉందన్నాకే కదలాలి. ఎండ బాగా వచ్చాక ఎక్కి, నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ నడిస్తే మేలు. మనుషుల అలికిడి వింటే ఎలుగే తప్పుకొంటుంది. ఏటా వేయించే రేబిస్ టీకా, డిస్టెంపర్ టీకా తప్పనిసరి. ఇది కుక్క కోసమే కాదు.. ఊరి కుక్క నుంచి ఈ జబ్బులు తోడేళ్లకు, నక్కలకు పాకితే మందు వేసేవారెవరూ ఉండరు. మనకో బాటిల్, దానికో బాటిల్ నీళ్లు. నాలుక బాగా వేలాడేసి రొప్పుతుంటే నీడకు చేర్చి ఒళ్లు తడపాలి, కొండ సంగతి తర్వాత.

2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి గనులను ఆపేసింది. తర్వాత షరతులతో తవ్వకాలు మళ్లీ మొదలయ్యాయి. గని మింగిన మేర అడవి తగ్గితే ఎలుగులు పొలాలకు, బాటలకు ఇంకాస్త దగ్గరవుతాయి. ఆ లెక్క నడకకు వచ్చేవారూ గుర్తుంచుకోవాల్సిందే.

ఇంటికి చేరాక అసలు పని మొదలు. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో పిడుదులు వెతకాలి. వాటితో వచ్చే జ్వరం కుక్క ప్రాణం తీయగలదు. గడ్డి ముల్లు చర్మంలో దిగితే చీము పడుతుంది. ఇక స్నానం.. తెల్లకుక్కయితే నాలుగు బక్కెట్ల నీళ్లు పోసినా కిందికి ఎర్రగానే కారుతుంది!