ఈ వారం వచ్చిన పాటలు

మా చిన్ననాట పాటల గెలుపోటములు తేలే స్థలం కోటప్పకొండ తిరునాళ్ళ. మహాశివరాత్రినాడు చిలకలూరిపేట, నరసరావుపేట పరిసర గ్రామాలనుంచి తరలివచ్చిన విద్యుత్ప్రభలు కొండక్రింద వరుసగా నిలిచేవి. ఏ పాట ఎక్కువ ప్రభలమీద మ్రోగితే ఆ యేటికి అది గెలిచినట్లు. ఒక ప్రభమీద కొత్త సినిమా పాట, దాని ప్రక్క ప్రభమీద పడకసీను పద్యం. రెండూ ఒకదానినొకటి తోసుకుంటూ వచ్చి చెవిని పడేవి. దేనిని వినాలో తెలియక రెంటినీ విన్నాము. ఏది ఎన్నిసార్లు మ్రోగినదో లెక్క వ్రాసుకున్న పుణ్యాత్ముడెవడూ లేడు.

నేడు లెక్కకు లోటు లేదు. ఫోనులో పాటలు వినిపించే సంస్థలు ప్రతివారమూ పట్టికలు ప్రకటిస్తున్నవి. ప్రపంచమంతటా కొత్త సంగీతం విడుదలకు శుక్రవారమే ముహూర్తమని 2015 జూలైలో సంగీత వ్యాపారులు స్థిరపరచుకున్నారు. ఆ ముహూర్తబలం శుక్రవారం ఉదయాన మా విద్యార్థుల చెవులలో నాకు కనిపిస్తూనే ఉంటుంది. కోప్పడి లాభం లేదని గ్రహించి, మొన్న మాఘమాసంలో వారితో ఒక ఒడంబడిక చేసుకున్నాను. నాలుగు శనివారాలు, తరగతులు ముగిసిన పిమ్మట, ఆ వారపు పట్టికలోకి కొత్తగా వచ్చిన ఆల్బములను మొదటినుంచి చివరిదాకా కూర్చుని విందాము; మధ్యలో దాటవేయరాదు; నేను విసుక్కోరాదు. ఈ చివరి నియమం వారు నాకొరకు పెట్టినది.

మాటల మూలాలు వెదకటం నా వృత్తిదోషం. ఆల్బము అనగా మొదట ఫోటోలు అంటించుకొనే పుస్తకం. 78 చుట్ల గ్రామఫోను ప్లేటు ఒక ప్రక్కన మూడు నిమిషాలకు కొంచెం మించి మాత్రమే పలికేది. పెద్ద కృతిని వినిపించవలెనంటే నాలుగైదు ప్లేట్లు కావాలి. వాటిని కాగితపు సంచులలో పెట్టి పుస్తకంలా కుట్టి అమ్మారు. పుస్తకం పేరు సంగీతానికి వచ్చినది. అమెరికాలో బిల్‌బోర్డు పత్రిక అటువంటి పుస్తకాల అమ్మకాలనుబట్టి 1945 మార్చిలో వారపు పట్టిక ప్రారంభించినది. నాట్ కింగ్ కోల్ బృందంవారి ఆల్బము మొట్టమొదటి అగ్రస్థానం పొందినది. మన దేశంలో వారంవారం వరుస చెప్పటం వినవలెనంటే సిలోను రేడియో పెట్టుకోవలసివచ్చేది. 1952 డిసెంబరులో మొదలైన బినాకా గీతమాలలో అమీన్ సయానీ పాటలను మెట్లెక్కించి దింపుతూ ఉంటే, హిందీ అంతగా రానివారుకూడా ఏ పాట ఏ మెట్టుమీద ఉన్నదో చెప్పగలిగేవారట. తెలుగు పాటకు అటువంటి మెట్లు ఎవరు కట్టారు? 1948 డిసెంబరు 1న వెలసిన విజయవాడ రేడియో కేంద్రం మనకు పాటలు నేర్పినదిగాని, వాటికి పందెం పెట్టలేదు.

లెక్కించే పద్ధతికూడా మారుతూ వచ్చినది. మొదట దుకాణదారు చెప్పినదే లెక్క. 1991లో బిల్‌బోర్డువారు దుకాణాలలోని అమ్మకాలను కంప్యూటరుద్వారా లెక్కించటం మొదలుపెట్టారు. 2014 చివరినుంచి ఇంటర్నెట్టులో విన్న పాటలనుకూడా కలిపారు. ఒక ఆల్బములోని పాటలను 1500 సార్లు వింటే ఒక ఆల్బము కొన్నట్లని ఆనాటి ఏర్పాటు. అనగా కొన్నవానిని కాక విన్నవానిని లెక్కించటం ఆరంభమైనది. ఈ మాట చెప్పి నేను సంతోషించబోతూ ఉంటే మా విద్యార్థి ఒకడు అడ్డుతగిలాడు. "ముప్పై సెకన్లు వింటే చాలు సార్, లెక్కలో పడుతుంది."

ముప్పై సెకన్లు! నాటకాలలో మన గుంటూరుసీమ నటులు పద్యం ఎత్తుకొని, ఇంకా రాగం ఊదుతూ ఉండగానే గడిచిపోయే కాలమది. ఐతే ఇక్కడ కొంచెం న్యాయంగా మాట్లాడాలి. రంగస్థలంమీద వన్స్‌మోర్లతో సహా పావుగంట సాగే పద్యాన్ని ఆ నటులే గ్రామఫోను కంపెనీకి వెళ్ళి మూడు నిమిషాలలో ముగించి వచ్చారు. యంత్రం చెప్పిన కొలతకు పాటను కత్తిరించటం నిన్నమొన్నటి పాపం కాదు. ఆ రోజుల్లో తోక కోశారు. ఈ రోజుల్లో తల కోస్తున్నారు. పల్లవికి ముందు వచ్చే వాద్యగోష్ఠి క్రమంగా కురచబడిపోవటం మేము ఆ నాలుగు శనివారాలలోనూ గమనించాము.

తెలుగులో ఆల్బమంటే నూటికి తొంభైపాళ్ళు సినిమా పాటలే. అవైనా ఇప్పుడు ఒక్కసారిగా రావు. కాసెట్ల కాలంలో ఆరు పాటలూ ఒకే పెట్టెలో వచ్చేవి; నచ్చని పాటను దాటించటం శ్రమ గనుక దానినికూడా వినేవాళ్ళము, వినగావినగా ఆ నచ్చని పాటే నచ్చేది. ఇప్పుడు వారానికొక పాట చొప్పున విడుదలచేసి, సినిమా వచ్చేనాటికి మూట పూర్తిచేస్తున్నారు. 

రెండవ శనివారం ఒక పరీక్ష పెట్టాను. పట్టికలో కొత్తగా చేరిన ఒక పాటలోని చరణాన్ని రెండుసార్లు వినిపించి, విన్నది విన్నట్లు వ్రాయమన్నాను. ఇరవైరెండుమంది వ్రాశారు. ఒకే పంక్తికి తొమ్మిది పాఠాంతరాలు వచ్చినవి. ప్రాచీన కావ్యాలకుకూడా అన్ని ఉండవు. డప్పుల మోతలో మాట మునిగిపోయినది; తేలిన మాటలలో ఒత్తులు లేవు. తరువాత ఘంటసాలగారి పుష్పవిలాపం పెట్టాను. ఆ పద్యాలు వ్రాసిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారు ప్రత్తి పండే ఈ నల్లరేగడి నేలలోనే, కొమ్మూరులో, 1912లో పుట్టినవారు. అర్థం తెలియని సమాసాలనుకూడా మావాళ్ళు అక్షరం పొల్లుపోకుండా వ్రాశారు. నేను విజయగర్వంతో బల్లమీద చేయి వేశాను.

వెనుకబల్లనుంచి ఒక అమ్మాయి లేచినది. మిరపరైతు కూతురు, తరగతిలో తరచుగా మాట్లాడదు. "సార్, ఈ పద్యాన్ని మీరు ఎన్నిసార్లు విని ఉంటారు?" అని అడిగినది. వందలసార్లు అన్నాను. "మా ఇళ్ళల్లోనూ అంతే సార్. తెలిసినదాన్ని వ్రాశాం. మరి ఈ కొత్తపాటను మీరు ఎన్నిసార్లు విన్నారు?"

రెండుసార్లు. ఆ రెండవసారికూడా తప్పులు పట్టటానికే విన్నాను.

"నాటునాటు పాటలో మాటలు మీకు వచ్చు కదా సార్," అని మరొకడు అందుకున్నాడు. వచ్చును. 2023 మార్చిలో ఆస్కారు బహుమానం వచ్చేనాటికే ఊరేగింపులన్నిటిలో దానిని వినివున్నాను. చంద్రబోసుగారు అందులోకి మన మిరపనుకూడా తెచ్చిన సంగతి నాకు చాలా కాలానికిగాని చెవిని పడలేదు. మొదటిసారి విన్ననాడు దానికీ డప్పులమోత అనే పేరే పెట్టాను.

ఆ ఆదివారం ఇంట్లో తలుపు వేసుకొని, నేను తప్పుబట్టిన ఆల్బమును పదిసార్లు విన్నాను. మా ఆవిడ రెండుసార్లు తొంగిచూసి వెళ్ళినది. అందులో రెండు పాటలు పదిసార్లు విన్నా ఖాళీయే. కాని నాలుగవ పాటలో, మోత ఆగిన ఒక్క క్షణంలో, పాడిన అమ్మాయి గొంతు మా పల్లెల్లో కోతపాటల రాగచ్ఛాయకు జారి వెనక్కి వచ్చినది. ఏడవసారికిగాని నాకు వినబడలేదు. సోమవారం తరగతిలో ఈ సంగతి ఒప్పుకున్నాను. ఒత్తుల విషయంలో మాత్రం వెనక్కు తగ్గలేదు. "భ" పలకవలసిన చోట "బ" పలికితే అది పదిసార్లు విన్నా "బ"యే.

చివరి శనివారం ఆ అమ్మాయి రాలేదు. మిరపకాయలు కళ్ళంలో ఉన్నవి, కాపలాకు మనిషి కావాలి. ఆ సాయంత్రం ఇద్దరు విద్యార్థులతో కలిసి ఆ ఊరు వెళ్ళాను. ఎర్రగా పరచిన కాయలప్రక్కన ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. మంచు పడకుండా పట్టాలు కప్పే వేళ అయినది. ఆ అమ్మాయి తండ్రి మంచంకోడుకు ఒక చిన్న స్పీకరు వ్రేలాడుతున్నది. హరిశ్చంద్ర నాటకం, కాటిసీను. వినుకొండలో 1895లో పుట్టిన జాషువాగారి శ్మశానవాటి పద్యాలు. ఆ నాటకం బలిజేపల్లివారిది, ఈ పద్యాలు జాషువాగారివి. రెంటినీ కలిపినది మన నటులూ, ఒప్పుకున్నది మన ప్రేక్షకులూ.

"రోజూ ఇదేనా?" అన్నాను.

"కాయలు టిక్కీలకెత్తిందాకా రోజూ ఇదేనండి. దీన్లో ఇంకా నాలుగొందల పాటలున్నయ్యి, అమ్మాయివి. అవి పగలు." బజారులో ఎప్పుడో ఎక్కించుకున్న మెమరీ కార్డు అట. దానికి ఇంటర్నెట్టుతో పని లేదు. అందులో మ్రోగినదేదీ ఏ పట్టికకూ చేరదు.

నావెంట వచ్చిన కుర్రవాడు ఆ కార్డులోని పాటల వరుసను తన నోటుపుస్తకంలో ఎక్కించుకుంటూ కూర్చున్నాడు. నూటయిరవై అయ్యేసరికి చీకటిపడినది. మిగిలినవి వచ్చే శనివారం వ్రాసుకుందామన్నాడు. పద్యం ముగిసినది; ఆయన లేచి స్పీకరు ఆపకుండానే పట్టాకు ఒక కొస పట్టుకోమని నన్ను పిలిచాడు.