మీకు తెలుసా? ఇన్‌హేలర్ వెనుక ఓ చిన్నారి ప్రశ్న

అది 1955. అమెరికాలో ఉబ్బసంతో బాధపడుతున్న 13 ఏళ్ల అమ్మాయి, హెయిర్ స్ప్రేలాగా తన మందు కూడా డబ్బాలోంచి చిమ్మేలా చేయకూడదా అని తండ్రిని అడిగింది. ఆయన రైకర్ లేబొరేటరీస్ అధిపతి జార్జ్ మైసన్. మరుసటి ఏడాదే జేబులో పట్టే ఇన్‌హేలర్ మార్కెట్‌లోకి వచ్చింది. అంతవరకూ చాలామంది రోగులు వాడింది చేత్తో పిండే గాజు నెబ్యులైజర్లు. చేజారితే పగిలిపోయేవి!

ఇక ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఉన్నట్టుండి ఎగదన్నితే వారిని వెల్లకిలా పడుకోబెట్టకూడదు. కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించాలి. ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. అప్పుడు ఊపిరి గొట్టాలు తొందరగా మూసుకుపోవు, లోపల చిక్కుకున్న గాలి బయటపడుతుంది. డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ ఉంటే వెంటనే వాడాలి.

పెదాలు నీలబడినా, మాట తెగిపోతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా ఆలస్యం వద్దు, 108కి ఫోన్ చేయాలి.