స్కాన్‌లో మెరిసిన చుక్క, ఇంట్లో ముసిరిన అపనింద

ఫజ్ర్ నమాజు ముగిసి, పిల్లలు సబఖ్ కోసం వరుసగా కూర్చున్న వేళ అది. పలమనేరు ప్రాంతం నుండి వచ్చి మా మదర్సాలో హిఫ్జ్ చేస్తున్న పదకొండేళ్ల బాలుని కుడి చేయి ఉన్నట్టుండి కొట్టుకోసాగింది. కళ్లు ఒక పక్కకు తిరిగాయి. ముస్‌హఫ్ రిహాల్ మీదనే ఉంది, బాలుడు మాత్రం పక్కకు ఒరిగిపోయాడు. ఎవరో పరుగున వెళ్లి తాళం చెవుల గుత్తి తెచ్చి వాని పిడికిట్లో పెట్టారు. మరెవరో ఉల్లిపాయ తెమ్మన్నారు. మేము దుఆ చదువుతూ తల పట్టుకొని కూర్చున్నాము. రెండు మూడు నిమిషాలకు వాడు కళ్లు తెరిచి, "ఏమైంది హజ్రత్?" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే, అంతకు నెల రోజుల ముందు కూడా వాని చేయి ఒకసారి అలాగే వణికింది. నిద్ర చాలలేదేమోనని మేమే వదిలేశాము. ఈసారి వదలలేదు. తండ్రిని పిలిపించి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. వైద్యులు చేతి నరంలోకి మందు ఎక్కించి తలకు సిటి స్కాన్ తీయించారు. నివేదికలో ఒక పొడవైన పేరు ఉంది: న్యూరోసిస్టిసర్కోసిస్. అది పందుల ద్వారా వ్యాపించే బద్దెపురుగు పిల్లదశ అనీ, బాలుని మెదడులో ఒక చుక్కగా కనిపిస్తున్నదనీ వైద్యులు వివరించారు.

తండ్రి కూరగాయల లారీలకు లోడు ఎత్తే కూలీ. ఆ మాట వినగానే ఆయన ముఖం వాడిపోయింది. బయటికి వచ్చాక మా చేయి పట్టుకొని, "హజ్రత్, మా ఇంట్లో ఆ మాంసం మాటే ఎత్తం గదా. నా బిడ్డ తలకాయలోకి ఆ పురుగు ఎట్లా వచ్చె? రేపు నలుగురూ అడిగితే ఏమని చెప్పేది?" అన్నాడు. ఆయన భయం రోగం గురించి ఎంత ఉందో, అపనింద గురించీ అంతే ఉంది. ఆ భయం ఊరికే పోలేదు. వారం తిరగకుండానే మసీదు వరండాలో ఒక పెద్దమనిషి, "ఆ పిల్లవాడు ఎక్కడ ఏమి తిన్నాడో కనుక్కున్నారా?" అని మమ్మల్నే అడిగాడు. ఆ క్షణాన మా వద్ద సమాధానం లేదు. తర్వాత వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

చుక్క ఎలా మెరిసింది?

1895 నవంబరులో జర్మనీకి చెందిన రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. ఎముక ఆ కిరణాలను అడ్డుకుంటుంది గనుక చిత్రంలో తెల్లగా కనిపిస్తుంది. మెదడు మెత్తని పదార్థం. పైగా గట్టి పుర్రెలో దాగి ఉంది. అందుచేత మామూలు ఎక్స్‌రేకు అది చిక్కలేదు. 1971లో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సిటి యంత్రం తల చుట్టూ తిరుగుతూ అనేక కోణాలనుండి కిరణాలను పంపి, కంప్యూటర్ సాయంతో మెదడును పొరలు పొరలుగా చూపగలిగింది. ఈ కృషికిగాను ఆయనకు, గణిత మార్గాన్ని చూపిన కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది.

అయినా పొరలు కనిపించడం ఒకటి, వాటిలో రోగాన్ని గుర్తించడం మరొకటి. అక్కడే కాంట్రాస్ట్ మందు అవసరం పడుతుంది. మన ప్రజలు దీనిని 'డై' అంటారు. రంగు వేస్తారని భయపడతారు. అది రంగు కాదు. సిటి స్కాన్‌కు వాడే ఈ మందులో ప్రధానమైనది అయోడిన్. అయోడిన్ అణువు బరువైనది. ఎక్స్‌కిరణాలను గట్టిగా అడ్డుకుంటుంది. కాబట్టి అది చేరిన చోటు చిత్రంలో తెల్లగా మెరుస్తుంది.

మెదడుకు సృష్టికర్త ఒక ప్రత్యేక రక్షణ ఏర్పరచాడు. శరీరంలోని ఇతర భాగాలలో సన్నని రక్తనాళాల గోడల గుండా అనేక పదార్థాలు బయటికి ఊరగలవు. మెదడులోని నాళాల గోడల కణాలు మాత్రం ఒకదానికొకటి బిగువుగా అతుక్కొని ఉంటాయి. అక్కరలేనిదానిని లోనికి రానివ్వవు. ఆరోగ్యంగా ఉన్న మెదడు కణజాలంలోకి అయోడిన్ మందు ప్రవేశించలేదు. వాపు గాని, గడ్డ గాని ఏర్పడిన చోట ఆ కాపలా సడలుతుంది. మందు అక్కడ బయటికి ఊరుతుంది. స్కాన్‌లో అది ఉంగరంలా, లేదా నిండు చుక్కలా మెరుస్తుంది. మా బాలుని తలలో కనిపించినది అటువంటి చిన్న ఉంగరమే.

చిత్తూరు పొరుగున జరిగిన పరిశోధన

ఉంగరం కనిపించినంత మాత్రాన రోగం పేరు తెలియదు. ఆ పేరును తేల్చడంలో మనకు ఎంతో సమీపంలో, చిత్తూరునుండి బస్సెక్కితే గంటో గంటన్నరో పట్టే వేలూరులో ఒక గొప్ప పని జరిగింది. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాలే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ప్రాంతాల కుటుంబాలలో ఆ ఆసుపత్రి మెట్లెక్కనివి అరుదు. 1949లో డాక్టర్ జేకబ్ చాందీ భారతదేశంలోనే తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని అక్కడ నెలకొల్పారు.

సిటి యంత్రాలు మన దేశానికి వచ్చాక వైద్యులకు ఒక చిక్కు ఎదురైంది. మూర్ఛతో వచ్చే ఎందరిలోనో కాంట్రాస్ట్ స్కాన్‌లో ఒకే ఒక చిన్న మెరిసే చుక్క కనిపించేది. క్షయవ్యాధి మన దేశంలో విస్తారంగా ఉంది గనుక, అది టిబి గడ్డ అయి ఉంటుందని చాలామంది తలచారు. నెలల తరబడి టిబి మందులు ఇచ్చేవారు. కొంతకాలానికి చుక్క మాయమయ్యేది. మందు పనిచేసిందనుకునేవారు. అయితే టిబి మందు వాడకుండా మూర్ఛ మాత్రలు మాత్రమే వాడినవారిలోనూ ఆ చుక్కలు మాయమవుతున్నట్టు క్రమంగా బయటపడింది. మరి అది ఏమిటి?

వేలూరులో డాక్టర్ మాథ్యూ చాందీ, డాక్టర్ వేదాంతం రాజశేఖర్, వారి సహచరులు ఈ ప్రశ్నను ఊహకు వదలలేదు. రోగి తలకు ఒక చట్రం బిగించి, స్కాన్ చూపిన కొలతల ఆధారంగా సరిగ్గా ఆ చుక్క వద్దకే చేరుకునే స్టీరియోటాక్టిక్ పద్ధతిలో దానిని పరీక్షకు సేకరించారు. సూక్ష్మదర్శిని కింద చూస్తే, వాటిలో అత్యధికం టిబి గడ్డలు కావు, బద్దెపురుగు పిల్లదశ చనిపోతూ రేపిన వాపు అని తేలింది. 1989లో ఈ విషయం 'లాన్సెట్' పత్రికలో వెలువడింది. 1993లో వారు మరో అడుగు ముందుకు వేసి, తల తెరవకుండానే ఈ రెండింటినీ వేరుపరచే గుర్తులను ప్రకటించారు. మెరిసే చుక్క ఒక్కటే ఉండి, 20 మిల్లీమీటర్లకన్న చిన్నదై, చుట్టూ ఉన్న వాపు మెదడును పక్కకు నెట్టేంతటిది కాకుండా, రోగిలో తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలు గాని, రోజురోజుకూ ముదిరే బలహీనత గాని, ఒంట్లో మరో వ్యాధి గాని లేకుంటే, అది చాలావరకు సిస్టిసర్కస్ అని భావించవచ్చును.

ఈ గుర్తుల విలువ పేదవానికి తెలుస్తుంది. అనవసరమైన తల ఆపరేషన్ తప్పింది. అనవసరమైన టిబి మందుల భారం తప్పింది. టిబి గడ్డలు లేవని కాదు. గుర్తులు సరిపోనప్పుడు వైద్యులు ఇతర పరీక్షలకు వెళతారు. అనుమానాన్ని తీర్పుగా ప్రకటించక, సాక్ష్యం కోసం శ్రమించిన ఆ వైద్యుల పద్ధతి హదీసు విద్యలో ఉల్లేఖకుల పరంపరను పరిశీలించే మా వంటివారికి ఎంతో ఆత్మీయంగా తోచింది.

నేడు మన జిల్లాలవారు వేలూరుకే వెళ్లనవసరం లేదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధంగా రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పగా 1993లో సేవలు ప్రారంభించి, 1995లో విశ్వవిద్యాలయ హోదా పొందిన స్విమ్స్ ఉంది.

తినని మాంసం, తెలియక మింగిన గుడ్డు

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వద్దాము. సరిగా ఉడకని, రోగగ్రస్తమైన పంది మాంసం తిన్నవాని పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. అది ఒక వ్యాధి. ఆ మనిషి మలంతో పురుగు గుడ్లు బయటికి వస్తాయి. అవి మురుగునీటి ద్వారా కూరగాయలకు, తాగునీటికి, కడగని చేతుల ద్వారా అన్నానికి చేరుతాయి. వాటిని మింగినవారి రక్తంలో కలిసి పిల్లపురుగు కండరాలకు, కంటికి, మెదడుకు చేరుతుంది. ఇది రెండో వ్యాధి. అంటే మెదడులోని చుక్కకు కారణం మాంసం తినడం కాదు, కంటికి కనిపించని గుడ్డును మింగడం. ఇది జీవితాంతం శాకాహారులుగా ఉన్నవారికీ వస్తుంది, మనకూ వస్తుంది.

దీనికి న్యూయార్క్ నగరం ఒక సాక్ష్యం. పంది మాంసం ముట్టని సనాతన యూదు కుటుంబాలలో నలుగురికి ఈ వ్యాధి సోకినట్టు 1992లో అక్కడి వైద్యులు ప్రకటించారు. ఆ ఇళ్లలో వంట, పని చేసేవారిలో బద్దెపురుగు ఉండటమే దానికి మూలమని తేలింది. ఆ పనివారికి తమలో పురుగు ఉన్న సంగతే తెలియదు. కనుక ఇందులో ఎవరినీ నిందించవలసిన పని లేదు. వేలూరు జిల్లాలో యాభైవేల మందికి పైగా ప్రజలను పరిశీలించిన మరో అధ్యయనం 2006లో వెలువడింది. మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడో వంతు మందికి ఈ పురుగే కారణమని అది సూచించింది.

మూర్ఛ రోగిని జిన్ను పట్టినవాడనీ, పాపఫలమనీ అవమానించేవారు ఒక హదీసును గుర్తు చేసుకోవాలి. మూర్ఛతో బాధపడుతున్న ఒక స్త్రీ దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి వచ్చి, ఆ స్థితిలో తన వస్త్రాలు తొలగిపోతున్నాయని మొరపెట్టుకున్నారు. ఆయన ఆమెను నిందించలేదు. సహనం వహిస్తే స్వర్గం ఉన్నదని శుభవార్త ఇచ్చారు, కోరితే స్వస్థతకై ప్రార్థిస్తానన్నారు. ఆమె సహనాన్నే ఎంచుకొని, తన మర్యాద కాపాడబడాలని మాత్రం కోరగా, దానికై ఆయన ప్రార్థించారు. రోగి గౌరవాన్ని కాపాడటం సున్నత్ అని ఇందులో మనకు బోధపడుతుంది.

స్కాన్‌కు వెళ్లేవారికి

కాంట్రాస్ట్ మందు విషయమై మన ఇళ్లలో రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. కొందరు మూత్రపిండాలు పాడవుతాయని భయపడి స్కాన్‌నే మానుకుంటారు. మరికొందరు తమ జబ్బులను దాచిపెట్టి వెళతారు. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. అందుకే ముందుగా రక్తంలో క్రియాటినిన్ పరీక్షిస్తారు. మూత్రపిండాల వ్యాధి, ఉబ్బసం, ఇదివరకు ఏ ఇంజెక్షన్‌కైనా దద్దుర్లు రావడం, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడటం, గర్భం వంటివి ముందే చెప్పాలి. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపించడం మామూలే. దురద, ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి.

ఎంఆర్‌ఐ స్కాన్‌లో ఎక్స్‌కిరణాలు ఉండవు, బలమైన అయస్కాంతం ఉంటుంది. అక్కడ వాడే కాంట్రాస్ట్ మందు గాడోలినియం అనే లోహంతో తయారవుతుంది. ఆ గదిలోకి మెడలోని తావీజు, నడుముకు కట్టిన లోహపు బిళ్ల, పిన్నులు, గాజులు తీసివేసి వెళ్లాలి. స్త్రీలు మహిళా సిబ్బందిని కోరవచ్చు.

రమజానులో స్కాన్‌ను పండుగ తర్వాతకు వాయిదా వేసేవారిని మేము చూశాము. రక్తనాళంలోకి గొట్టం వేసి చిత్రాలు తీయడం గాని, పోషకం కాని ఇంజెక్షన్ గాని ఉపవాసాన్ని భంగపరచవని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ 1997లో జిద్దా సమావేశంలో తీర్మానించింది. నోటితో తాగవలసిన మందు అయితే ఉపవాసం విరమించి, తర్వాత ఖజా చెల్లించుకోవచ్చును. రోగికి ఆ సడలింపును ఇచ్చినది దివ్య ఖుర్ఆనే.

మా వంటగది

ఈ సంగతులన్నీ తెలుసుకున్నాక మేము మా మదర్సానే ఒకసారి పరిశీలించాము. నిద్రలేచిన వెంటనే చేతులు కడగనిదే పాత్రలో ముంచరాదన్న ప్రవక్త (స) బోధను, నీటి వనరుల వద్ద, దారులలో, నీడలో మలవిసర్జన చేయరాదన్న నిషేధాన్ని మేము ఏటా పాఠంగా చెబుతాము. తహారత్ అధ్యాయం మాకు కంఠస్థం. కాని మా మరుగుదొడ్ల వద్ద కుళాయి ఉంది, సబ్బు లేదు. వంటగదిలో కొత్తిమీర, ముల్లంగి, క్యారట్ ఒకే బక్కెట్ నీళ్లలో ముంచి తీసేవారు. బాలునికి ఆ గుడ్డు ఎక్కడ అంటిందో అల్లాహ్‌కే ఎరుక. అది మా వద్దనే అంటి ఉండవచ్చునన్న ఆలోచన మమ్మల్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు ప్రతి కుళాయి వద్ద సబ్బు ఉంది. పచ్చిగా తినే కూరలను పారే నీటిలో కడుగుతున్నారు. తాగే నీటిని కాచి చల్లారుస్తున్నారు. వంటవారికి వైద్యులచే పరీక్ష చేయించి, పురుగుల మందు ఇప్పించాము. తాళం చెవుల గుత్తిని తీసి పక్కన పెట్టాము. మూర్ఛ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, నోట్లో ఏమీ పెట్టరాదనీ, ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలనీ పెద్ద పిల్లలకు నేర్పాము.

కొన్ని నెలల తర్వాత బాలునికి మళ్లీ స్కాన్ తీశారు. ఉంగరం లేదు. వైద్యులు ఆపమనేవరకు మూర్ఛ మాత్రలు మానరాదని చెప్పారు. ఆ శుక్రవారం జుమా తర్వాత మేము ఈ విషయమంతా మసీదులో వివరించాము. వరండాలో ప్రశ్న వేసిన ఆ పెద్దమనిషి లేచి వెళ్లి, వెనుక వరుసలో నిలబడిన తండ్రికి సలాము చేసి చేయి కలిపాడు. తండ్రి ఏమీ అనలేదు, ఆ చేతిని చాలాసేపు వదలలేదు.

బాలుడు ప్రస్తుతం పదిహేడో పారాలో ఉన్నాడు.