నడిచే ఇంటికి కిటికీ

మనము నిత్యం వాడే కిటికీ అనే మాటకు ఉర్దూలోని ఖిడ్కీ దగ్గరి చుట్టం. సంస్కృతం దీనినే గవాక్షం, అనగా ఆవు కన్ను అన్నది. ఆంగ్లంలోని విండో అనే మాటకు మూలమైన పాత నార్సు భాషా పదానికి గాలి కన్ను అని అర్థం. పారశీకం నుండి ఉర్దూలోకి వచ్చిన దరీచా మాత్రం కంటి జోలికి పోక, చిన్న తలుపు అని చెప్పి ఊరుకున్నది. గోడకు కన్ను పెట్టడం మనిషికి ఎంత పాతపనియో ఈ మాటలే చెప్పుతున్నవి. అయితే ఆ గోడ ఇటుక గోడ కాక, గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే పలుచని ఉక్కు రేకు అయినప్పుడు కన్ను పెట్టడం ఎట్లు? ఈ వ్యాసానికి విషయం అదే.

సరకులు మోసే మూతబండిని కొని, లోపల పడక, పొయ్యి, చిన్న అలమర అమర్చుకొని, దానిని ప్రయాణపు ఇల్లుగా మార్చుకొనడం ఐరోపా దేశాలలో చాల కాలంగా ఉన్న ఆచారం. దీనికి ఆద్యమైన బండ్లలో ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టరు ముఖ్యమైనది. బెన్ పోన్ అనే డచ్చి వర్తకుడు 1947 ఏప్రిలులో తన చిన్న పుస్తకంలో గీసిన ఒక బొమ్మ దానికి బీజం. 1950 మార్చిలో జర్మనీలో దాని ఉత్పత్తి మొదలైనది. మరుసటి ఏడే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ అందులో అమర్చుకొనదగిన పడక సామగ్రిని తయారుచేసినది. ఆ కాలంలోనే సాంబా అనే పేరుతో వెలువడిన బస్సుకు 23 కిటికీలు ఉండేవి. కప్పు అంచులలో సైతం చిన్న చిన్న అద్దాలు! అన్ని కన్నులు గల బండి మరల రాలేదనే చెప్పవచ్చును.

నిరుడు వేసవిలో ఇంగ్లండులోని లెస్టరులో మా ఆపా ఇంట నెలరోజులు ఉన్నప్పుడు ఈ పని చూడడమే కాక, అందులో చేయి పెట్టే అవకాశం, అందువలన ఒక తప్పు చేసే అవకాశం కూడ నాకు కలిగినవి. దూల్హాభాయ్ తమ పొదుపులో పెద్ద భాగం పెట్టి, కిటికీలు లేని పాత ట్రాన్స్‌పోర్టరు ఒకటి కొన్నారు. కారణం వారి తల్లిగారు. నడుము నొప్పి వలన ఆమె గంటకు మించి కూర్చొనలేరు. పడుకొని ప్రయాణం చేయగలరు. లెస్టరు నుండి సముద్రం ఏ దిక్కున చూచినా దూరమే. ఆమెకు సముద్రం చూడాలని ఉన్నది.

పని మొదలుపెట్టక ముందు చట్టం సంగతి ఒకటి చెప్పుకొనాలి. కిటికీకి, సర్కారుకు ఏమి సంబంధమని విద్యార్థులు అనుకొనవచ్చును. చాల ఉన్నది. బ్రిటనులో 1973 వరకు ఉండిన కొనుగోలు పన్ను, పక్క కిటికీలు లేని సరకుల బండిని విడిచిపెట్టి, డ్రైవరు వెనుక కిటికీలు పెట్టిన వెంటనే దానిని కారుగా ఎంచి పట్టుకొనేది. అమెరికాలో 1964 నుండి దిగుమతి సరకుల బండ్లపై 25 శాతం సుంకం ఉన్నది. దానిని తప్పించుకొనడానికి ఫోర్డు సంస్థ టర్కీలో తయారైన బండ్లను వెనుక సీట్లతో, కిటికీలతో ప్రయాణికుల బండ్లుగా రేవులో దించి, తరువాత ఆ సీట్లను తీసివేసి, వెనుక అద్దాల స్థానంలో రేకులు బిగించేది. ఆ వ్యాజ్యం చివరకు 2024లో 36 కోట్ల 50 లక్షల డాలర్ల చెల్లింపుతో ముగిసినది. కిటికీ మూసినందుకు ఇంత మూల్యం చెల్లించినవారు లోకంలో మరొకరు ఉంటారని నేననుకొనను. ఇక నేటి బ్రిటనులో, బండిని రికార్డులలో మోటారు కారవానుగా మార్పించుకొనదలచినవారికి అధికారులు చూచే బయటి లక్షణాలలో ఒకటి, కనీసం ఒక పక్కన రెండు కిటికీలు. డ్రైవరు, పక్క సీటు తలుపుల అద్దాలు ఆ లెక్కలోకి రావు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి నిర్మాణాన్ని ఇచ్చవచ్చినట్లు మార్చడాన్ని నిషేధించినది. కనుక ఇది చదివి ఎవరును తమ నాయనగారి బండిపై రంపం పెట్టవలదని మనవి.

ఎక్కడ కోయవలెను అనేది మొదటి ప్రశ్న. బండి పక్కగోడ రెండు పొరలు. బయటిది మిల్లీమీటరు మందమైనా లేని పలుచని రేకు. లోపలిది మడతలు పెట్టి బలపరచిన అస్థిపంజరం వంటి చట్రం. బరువును, మెలికను భరించేది ఈ చట్రమే. ట్రాన్స్‌పోర్టరు వంటి బండ్లలో కిటికీ ఉండవలసిన చోటును తయారుచేసేటప్పుడే చట్రంలో ఖాళీగా విడిచి, బయటి రేకును అక్కడ కొద్దిగా లోనికి నొక్కి ఉంచుతారు. ఆ ఖాళీలో కోసిన కోత బండి బలాన్ని తగ్గించదు. నిలువు కమ్మిని కోసినవాడు మాత్రం ఇంటి స్తంభాన్ని కోసినవాడే. లోపలి పలక విప్పి, అక్కడ విద్యుత్తు తీగలుగాని, నూనె పోసే గొట్టంగాని పోవడం లేదని కన్నులతో చూచిన పిదపనే బర్మా పట్టవలెను. పక్కకు జరిగే తలుపు గల బండిలో మరొక చిక్కు. ఆ తలుపు తెరిచినప్పుడు వెనుక పలక మీదుగా జరుగుతుంది. అక్కడ బయటికి పొడుచుకు వచ్చే కిటికీ బిగిస్తే తలుపు దానికి తగులుతుంది.

కొలతలు గీస్తుండగా దూల్హాభాయ్ తల్లిగారు బండిలో పరచిన చాపపై పడుకొని, "బేటా, నేను ఇట్లా పడుకుంటే నాకు ఏమి కనిపిస్తుంది?" అని అడిగారు. కనిపించేది ఆకాశం మాత్రమే. చట్రాన్ని మార్చలేము కనుక పడకను నాలుగు అంగుళాలు ఎత్తుగా కట్టవలసి వచ్చినది. కిటికీని గోడ కొలతతో గాక, చూచేవారి కన్ను కొలతతో నిర్ణయించాలని ఆనాడు తెలిసినది.

కోత లోపలి నుండే గీసుకొనవలెను. చట్రపు అంచును అనుసరించి గీత గీసి, నాలుగు మూలలలో లోపలి నుండి బయటికి రంధ్రాలు వేస్తారు. బయట మాత్రం రంగు గీరుకుపోకుండ కాగితపు టేపు దట్టంగా అంటించి, ఆ రంధ్రాల ఆధారంతో విద్యుత్ రంపంతో నెమ్మదిగా కోస్తారు. రంపపు ఆకుకు అంగుళానికి 24 నుండి 32 వరకు సన్నని పళ్ళు ఉండవలెను. పెద్ద పళ్ళు పలుచని రేకును కోయవు, పట్టి చింపుతవి. కోత చివరికి వచ్చేసరికి రేకు ముక్క బరువుకు వేలాడి వంగిపోకుండ ఒకరు పట్టుకొనాలి. ఆ పట్టుకొనే ఉద్యోగం నాది. కోత పూర్తయి, ఆ ముక్క చేతిలోకి వచ్చిన క్షణాన ఇద్దరమూ కొంతసేపు మాటలాడలేదు. గుడ్డ కోసి తప్పితే మరొక గుడ్డ తేవచ్చును. ఇక్కడ ఆ వీలు లేదు.

ఈ దశలో తొందరపడేవారు విస్మరించేది ఇనుప రజను. రంపం నుండి రాలిన సన్నని రజను వేడితో రంగులో నాటుకొని, ఒక రాత్రి తేమకే తుప్పు చుక్కలై కనిపిస్తుంది. అందుచేత ముందే లోపల దుప్పట్లు పరచి, పిదప చీపురుతోను, అయస్కాంతంతోను, తడిగుడ్డతోను మూలమూలలు శుభ్రం చేయవలెను. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, జిడ్డు తుడిచి, తుప్పు నిరోధించే రంగును రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనివ్వవలెను. కర్మాగారంలో ఆ రేకుకు ఇచ్చిన రక్షణ అంతా కోత దగ్గర తెగిపోయినదని గుర్తుంచుకొంటే ఈ ఓపిక దానంతట అదే వస్తుంది.

ఇక గాజు. పక్క కిటికీలకు వాడేది సాధారణంగా గట్టిపరచిన గాజు. 600 డిగ్రీలు దాటిన వేడికి తెచ్చి, గాలి ధారలతో హఠాత్తుగా చల్లార్చుతారు. పైపొర ముందు బిగుసుకొనగా, లోపలిది తరువాత కుంచించుకొని పైపొరను నిరంతరం నొక్కిపట్టి ఉంచుతుంది. అందువలన మధ్యలో గట్టిగా కొట్టినా ఓర్చుకొనే ఈ గాజు, అంచున చిన్న దెబ్బ తగిలితే మొత్తంగా మొద్దు పలుకులై రాలిపోతుంది. ఒకసారి గట్టిపరచిన దానిని కోయడం, రంధ్రం వేయడం అసాధ్యం. కాబట్టి గాజును కిటికీకి సరిపెట్టలేము, కిటికీనే గాజుకు సరిపెట్టుకొనాలి. గాజుకు బదులు తేలికైన యాక్రిలిక్ పలకలు రెండు జతచేసిన కిటికీలు కూడ దొరుకుతవి. చలికి అవి మేలు. కాని వాటి స్వభావం వేరు. 40 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదానికి ఒక మీటరు ఉక్కు సుమారు అర మిల్లీమీటరు పెరిగితే, గాజు దానికి కొంచెం తక్కువగా, యాక్రిలిక్ దాదాపు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాజును ఉక్కుకు జిగురుతో అతికించవచ్చును గాని, యాక్రిలిక్‌ను మాత్రం జరుగుటకు చోటిచ్చే చట్రంలోనే బిగించవలెనని ఈ లెక్కే చెప్పుతున్నది. భౌతికశాస్త్ర విద్యార్థులు పాఠ్యపుస్తకంలోని వ్యాకోచ గుణకాలు ఎందుకని అడుగుతుంటారు. ఇందుకే.

అద్దం బిగించే పద్ధతులు రెండు. పాతది రబ్బరు పద్ధతి. మన ఊళ్ళలోని షెడ్లలో పాత బస్సులకు, అంబాసిడర్ కార్లకు ముందు అద్దం బిగించడం చూచినవారికి ఇది కొత్త కాదు. అద్దం చుట్టూ బీడింగు రబ్బరు తొడిగి, దాని రెండవ గాడిలో గట్టి దారం చుట్టి, సబ్బునీరు రాచి, ఒకరు బయటి నుండి అద్దాన్ని అదిమిపట్టగా, మరొకరు లోపలి నుండి దారాన్ని మెల్లగా లాగుతారు. దారం వెంట రబ్బరు పెదవి రేకు అంచును దాటి లోపలికి వచ్చి కూర్చుంటుంది. చూడముచ్చటైన విద్య. రబ్బరు ముసలిదైతే మార్చుకొనవచ్చుననేది దీని గొప్పదనం.

కొత్తది జిగురు పద్ధతి. పాలియూరిథేన్ అనే సాగే జిగురు గాలిలోని తేమను పీల్చి గట్టిపడుతుంది. తేమ బయటి నుండి లోనికి పోవలెను కనుక రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతుకు మించి ఆరదు. బండిని ఆ దినమే తోలరాదనడానికి కారణం అదే. ఎండ దీనికి శత్రువు. అద్దం అంచున కాల్చి పెట్టిన నల్లని పట్టీ అలంకారం కాదు, జిగురుకు గొడుగు. రేకుకు, నల్లపట్టీకి జిడ్డు తుడిచి, తయారీదారు చెప్పిన ప్రైమరు పూసి, ఆరిన తరువాత, గొట్టం మూతిని త్రికోణంగా కోసి, పది పన్నెండు మిల్లీమీటర్ల ఎత్తున జిగురు కట్టను అంతటా ఒకే తీరున, ఎక్కడా తెగకుండ పెట్టవలెను. తరువాత రబ్బరు పిడులతో అద్దాన్ని ఎత్తి నిలిపి, సమంగా అదిమి, జారకుండ టేపులు అంటించి విడిచిపెట్టవలెను. ఇదంతా జిగురుపై పొర కట్టక ముందే జరగాలి.

ఎక్కడా తెగకుండ అన్న మాట దగ్గర నేను ఆగవలసి ఉన్నది. రెండవ కిటికీకి జిగురు పెట్టినది నేను. కింది మూలకు వచ్చేసరికి గొట్టం అయిపోయినది. కొత్త గొట్టం బిగించి, పాత కట్ట కొసను కలుపుకొనక, ఒక వేలెడు పక్కనుండి మొదలుపెట్టినాను. అద్దం అదిమితే కలిసిపోవునని అనుకొన్నాను. బయటికి అంతా అందంగానే ఉన్నది.

లోపలి పని ముగించే తొందరలో పడినాము. రేకుకు, చట్రానికి నడుమ చలి ఆపే నురుగు పలకలు నింపి, కిటికీ చుట్టూ సన్నని ప్లైవుడ్డు చట్రం కోసి, దానికి సాగే తివాచీ గుడ్డను వేడికి విడిపోని జిగురుతో అతికించినాము. మూలలలో గుడ్డను కోయకుండ సాగదీసి తిప్పడమే అందులోని పనితనం. కోస్తే లోపలి చెక్క జీవితాంతం వెక్కిరిస్తుంది. కోసిన రేకు అంచుకు లోపల ఉక్కు పట్టీ గల రబ్బరు తొడుగు వేసినాము. చట్రం అడుగున నీరు పోవడానికి ఉన్న రంధ్రాలను నురుగుతో మూయరాదనేది దూల్హాభాయ్‌కి తెలుసును, మూయలేదు. ఆ జాగ్రత్తే తరువాత కొంత కాపాడినది.

నేను తిరిగి వచ్చిన రెండు నెలలకు ఆపా ఫోను చేసి చెప్పినది. తల్లిగారి దిండు ఒక పక్క తడుస్తున్నదట. రెండు ప్రయాణాలు ఆమె ఎవరికీ చెప్పలేదట. ఇంత ఖర్చు పెట్టి తనకోసం చేసినదానిలో వంక చెప్పడం ఇష్టం లేక, తడిసిన వైపు కిందికి తిప్పి పడుకొన్నారట. పలక విప్పి చూస్తే ప్లైవుడ్డు ఉబ్బి, మూలన బూజు నల్లగా పట్టి ఉన్నది. సన్నని ఉక్కు తీగను జిగురులోనికి గుచ్చి, లోపల ఒకరు, బయట ఒకరు రంపం వలె లాగుతూ అద్దాన్ని పగలకుండ విడదీసినారు. పాత జిగురును ఒక పలుచని పొర మిగిలేటట్లు కోసి, దానిపైననే కొత్త కట్ట పెట్టినారు. కొత్త జిగురు పాత జిగురు తాజా కోతను రేకుకన్న బాగుగా పట్టుకొంటుంది.

మేము చేయక విడిచిన పరీక్ష ఒకటి ఉన్నది. జిగురు ఆరిన పిదప, లోపలి పలకలు బిగించక ముందు, కిటికీ చుట్టూ లోపల పొడి కాగితపు పేలికలు అంటించి, ఒకరు టార్చి పట్టుకొని లోపల కూర్చొనవలెను. బయట మరొకరు నీటిగొట్టాన్ని కింది అంచు నుండి మొదలుపెట్టి, మెల్లగా పైకి తీసుకొనిపోవలెను. పైనుండి మొదలుపెడితే నీరు అంతటా జారి, ఏ చోట దిగినదో తెలియదు. అరగంట పని. ఈసారి వారు దీనిని రెండు దినాల వ్యవధితో రెండుసార్లు చేసినారు. ఆ కిటికీ కింది పలకను మాత్రం దూల్హాభాయ్ జిగురుతో అతికించక, మరలతో బిగించినారట. చలికాలం పోయేవరకు నెలకొకసారి దానిని విప్పి, లోపల చేయి పెట్టి చూస్తున్నట్లు ఆపా వ్రాసినది.