మాటిమాటికి పునఃప్రారంభమగు ల్యాప్‌టాప్

వ్రాయుచున్న లేఖ ముగియకమునుపే ల్యాప్‌టాప్ తెర నల్లబడి, యంత్రము మరల మొదటినుండి ఆరంభమగును. ఇట్లు రెండుసార్లు జరిగినచో, మరమ్మతుకంటె ముందు ముఖ్యమైన ఫైళ్లకు వేరొకచోట నకలు తీసికొనవలెను.

పిదప అది యెప్పుడు జరుగుచున్నదో గమనింపుడు. అడుగుభాగము కాలుచుండగా ఆగినచో వేడిమిని శంకింపవచ్చును. పరుపుమీద నుంచినచో (ఈ దురలవాటు నాకును కలదు) గాలిరంధ్రములు మూసికొనును. ఫ్యానులో దుమ్ము పేరుకొన్నను ఫలితమదియే.

చల్లగా నున్నప్పుడును ఆగినచో విండోస్‌లోని ఒక యేర్పాటును చూడవలెను. తీవ్రదోషము కలిగినంతనే తానే పునఃప్రారంభము కావలెనని అందు ముందే నిర్ణయింపబడి యుండును. దానిని తొలగించినచో దోషసంకేతము తెరపై నిలుచును. వ్రాసికొని మరమ్మతు చేయువానికి చూపవచ్చును. విండోస్ దినచర్యయగు ఈవెంట్ వ్యూయర్‌లో 41వ సంఖ్యను చూచి విద్యుత్తును నిందింపరాదు. యంత్రము సక్రమముగా ఆగలేదని మాత్రమే దాని యర్థము.

బ్యాటరీ ఉబ్బినట్లు తోచినచో మాత్రము పరీక్షలన్నియు మాని, ఛార్జరు తీసి, యంత్రమును ఆపివేయవలెను.