రంగుపొడి, ఆయాసం: అపోహలు – వాస్తవాలు

బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన బిలాస్‌పూర్‌లో కోసా పట్టు, అంటే టసర్ పట్టు, తెలియనివారు అరుదు. టసర్ పట్టుపురుగుల విత్తనాన్ని అందించే కేంద్ర పట్టు మండలి విభాగం ఉన్నది ఈ ఊళ్లోనే. హౌరా వైపు రైలెక్కితే గంట ప్రయాణంలో కోసా నేతకు పేరుపడ్డ చాంపా వస్తుంది. కోసాకు పుట్టుకతో వచ్చేవి తేనెరంగు లాంటి ఛాయలే. ఎరుపైనా నీలమైనా అద్దకంవాళ్ల చేతి చలవే. చాంపా అయినా పోచంపల్లి అయినా, వాళ్ల ఊపిరిని కాపాడాలంటే ముందు కొన్ని అపోహలు వదలాలి.

అపోహ: ఘాటు వాసన లేకపోతే భయం లేదు.

వాస్తవం: 1956లో మార్కెట్లోకి వచ్చిన రియాక్టివ్ రంగులు దారంతో రసాయన బంధం వేసుకుంటాయి. ఉతికినా వెలవనిది అందుకే. ఆ గుణమే ఊపిరితిత్తులకు చేటు. పీల్చిన పొడి ఒంట్లోని ప్రొటీన్లకు అతుక్కుంటే, కొందరిలో రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇందుకు వారాలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. ఆ తర్వాత చిటికెడు పొడి గాల్లోకి లేచినా పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి.

అపోహ: ముప్పంతా మరిగే తొట్టి దగ్గరే.

వాస్తవం: నీళ్లలో కరిగిన రంగు కన్నా డబ్బా మూత తీసి పొడి తూచే రెండు నిమిషాలే ఎక్కువ ప్రమాదం. వ్యాట్ రంగుల్లో వాడే హైడ్రోస్ అనే రసాయనానికి తేమ తగిలినా సల్ఫర్ డయాక్సైడ్ వెలువడి గొంతు పట్టేస్తుంది.

అపోహ: ముక్కుకు తువాలు, సాయంత్రం బెల్లం ముక్క ఉంటే చాలు.

వాస్తవం: సన్నటి పొడి తువాలు నేతలోంచి దూరిపోతుంది. బెల్లం వెళ్లేది కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు. పొడిని బయటికి లాగే ఫ్యాను, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు అసలు రక్షణ. హైడ్రోస్ నుంచి వెలువడే వాయువును మాత్రం ఆ మాస్కూ ఆపలేదు. దానికి గాలి ఆడే గది, బిగించిన మూత కావాలి.

అపోహ: సహజ రంగులు ఏమీ చేయవు.

వాస్తవం: కొచినీల్ పురుగుల నుంచి తీసే కార్మైన్ పొడి కూడా ఆస్తమా తెప్పించగలదు.

అపోహ: సెలవు రోజుల్లో తగ్గిపోతే అది జబ్బే కాదు.

వాస్తవం: పనివల్ల వచ్చే ఆస్తమాను పట్టించే ముఖ్యమైన గుర్తు అదే. పని రోజుల్లో దగ్గు, ఛాతీ బిగువు పెరిగి, సెలవుల్లో నెమ్మదిస్తాయి. ఒక్కోసారి ఇంటికొచ్చాక అర్ధరాత్రి ఆయాసం వస్తుంది కాబట్టి కార్మికుడికి పని మీద అనుమానమే రాదు. పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ తీరు వేరు. వారాంతపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన తొలిరోజే అది ఎక్కువ బాధిస్తుంది. పని రోజుల్లో, సెలవుల్లో రోజుకు నాలుగైదుసార్లు, ఊపిరి వదిలే వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటర్‌లోకి ఊది అంకెలు రాసుకుంటే తేడా కాగితం మీదే కనిపిస్తుంది.

ఎంత త్వరగా ఆ పొడికి దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ అంకెల కాగితంతో పాటు రంగు డబ్బా మీది లేబుల్ ఫోటో కూడా తీసుకెళ్లండి.