పంపకాల కాగితంలో పూర్వీకులు

‘వంశవృక్షం మొదలుపెట్టడం ఎలా?’ శుక్రవారానికల్లా ముఖచిత్ర కథనం ఇమ్మన్నారు ఎడిటరుగారు. ఉమ్మి పరీక్ష చేసి మూలాలు చెప్పే కంపెనీల సంగతి రాస్తాననుకున్నట్టున్నారు. ముత్తవ్వ పేరేమిటో ఆ పరీక్ష చెప్పదు. నా ఓటు మా ట్రంకుపెట్టెలో ఉన్న 1931 నాటి పారీఖత్తు దస్తావేజుకే.

పారీఖత్తు అంటే అన్నదమ్ముల పంపకాల పత్రం. చుక్కా కామా లేకుండా పేజీలకు పేజీలు సాగుతుంది. కానీ ఎవరు ఎవరి కొడుకో, ఎవరు దత్తు వెళ్లారో, ఏ మైనరుకు ఎవరు సంరక్షకులో తేలకుండా ఆస్తి పంచడం కుదరదు. రేపు తగువొస్తుందన్న భయంతో రాసుకున్నది కనుకే, పొగడ్తల వంశచరిత్రల కన్నా దీన్ని నమ్ముతాను.

మా కాగితంలో ముగ్గురు అన్నదమ్ములున్నారు. ఒకరికి పడమటి వసారా, ఒకరికి పశువుల కొట్టం, ఒకరికి ఊరి బయట మెట్టచెక్క. నుయ్యి ఉమ్మడి. చింతచెట్టు కాపు మూడు వంతులు. ప్రతి చెక్కకూ నాలుగు హద్దులు, ఆ హద్దుల్లో ఇరుగుపొరుగు రైతుల పేర్లు. తూర్పు హద్దు రైతు ఇంటిపేరూ మాదే! ఇంట్లో ఎవరూ ఎత్తని దాయాదుల శాఖ అలా బయటపడింది.

మధ్యలో ఒక షరతుంది. ‘మా వదినెగారికి’ బతికినంత కాలం ఒక గది, ఏటా ఇంత ధాన్యం. పెద్దన్న పిల్లల్లేకుండా పోయాడన్నమాట. 1937 చట్టం రాకముందు ఉమ్మడి కుటుంబంలో వితంతువుకు వాటా లేదు, మనోవర్తే. కాగితం పొడవునా ఆమె వదినెగారే. ఆఖరి పేజీలో, ఒప్పుకున్నట్టు వేసిన వేలిముద్ర పక్కన మాత్రం, వ్రాయసగాడు ఆమె పేరు రాశాడు. మా ఇంట్లో బతికున్న వాళ్లెవరూ ఆ పేరు వినలేదు.

ఇలాంటి పాత పారీఖత్తుల్లో ఆడపిల్లలు దొరకడం అరుదు. ఉమ్మడి ఆస్తిలో వాళ్లకు పుట్టుకతో హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 తర్వాతి మాట. పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పత్రాలు వెతకండి. అల్లుడి ఊరూ ఇంటిపేరూ అక్కడుంటాయి.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. మద్రాసు రాజధానిలో ఇనాం భూములకు 1860ల నాటి రిజిస్టర్లున్నాయి. జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాయి. తెలంగాణలో నిజాం కాలపు ఉర్దూ కాగితాలు, ఆపైన 1954–55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు. 1984లో కరణీకాలు పోయాయి, కరణాల ఇళ్లలోని కట్టలు కొన్ని చెదల పాలయ్యాయి.

నకలు కావాలంటే
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ 1 పేర్లను బట్టి, ఇండెక్స్ 2 ఆస్తిని బట్టి ఉంటాయి. కంప్యూటర్లో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే. అంతకు ముందువి చేత్తో వెతకాల్సిందే. తాత పేరుతో పాటు గ్రామం, సర్వే నంబరు, ఉజ్జాయింపు సంవత్సరం రాసుకుని వెళ్లండి.

సెంటు భూమి లేని ఇంటివాళ్లకు
పై కథంతా ఆస్తి ఉన్నవాళ్లది. మిగతావాళ్లు ముందు బడి అడ్మిషన్ రిజిస్టరు చూడాలి. తండ్రి పేరు నమ్మొచ్చు, పుట్టినతేదీని కాదు. ఊళ్లో సగం మంది జూలై 1నే పుట్టరు కదా! వలస వెళ్లిన వాళ్లయితే ఓడల జాబితాలున్నాయి. మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతపు జాబితాల్లో కూలీ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది గుర్తులు కనిపిస్తాయి. ఊరి పేరును గుమాస్తా తనకు వినిపించినట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. కంటితో వెతికితే దొరక్కపోవచ్చు, పైకి పలికి చూడండి.